మీ ఫైల్లో మాన్యువల్ గేర్లున్న నా ఆటోమేటిక్ ట్రక్కు గురించి

డాలస్,
2025 అక్టోబరు 6

ఎక్స్‌టెండెడ్ వారంటీ కంపెనీ కస్టమర్ రిలేషన్స్ విభాగం వారికి,

విషయం: నా డీజిల్ పికప్ ట్రక్కు ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) క్లెయిమ్. నంబరు రాయడం లేదు. ఇప్పటికి మూడు నంబర్లిచ్చారు, అందులో ఏది బతికుందో నాకు తెలీదు.

అయ్యా, అమ్మా,

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లీషులో నాలుగు రాశాను. నాలుగింటికీ ఒకటే జవాబు: మీ సందేశం అందింది, మీరు మాకు ఎంతో ముఖ్యం. మీ కాల్ సెంటర్ ఒకటి హైదరాబాదులో ఉందని ఈమధ్యే తెలిసింది కాబట్టి, చదివిపెట్టేవాళ్ళు ఉండకపోరు.

జరిగింది ఇది. ఆగస్టు 11, సోమవారం. మర్నాడు శాన్ ఏంజెలోలో మేకల సంత. ట్రైలర్ తగిలించుకుని 40 మేకలతో పొద్దున్నే బయల్దేరాను. బ్రౌన్‌వుడ్ దాటాక గేరు మారేచోటల్లా ఇంజను ఒకటే అరుపు, బండి మాత్రం లాగదు. ట్రాన్స్‌మిషన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత ఎక్కింది. పక్కకి ఆపేశాను. బండన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, 1,12,000 మైళ్ళు తిరిగింది, దాని మీద నాకు కోపం లేదు. కోపం మీకు ఫోన్ చేశాక మొదలైంది.

నలభై నిమిషాలు మీ సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది. ట్రక్కుని తీసుకెళ్తారట, ట్రైలర్ నా ప్లాన్‌లో లేదట. అందులో మేకలున్నాయమ్మా అన్నాను. జంతువులు కూడా ప్లాన్‌లో లేవు సర్, వాటిని దింపేయగలరా అంది. ఆగస్టు ఎండలో, హైవే పక్కన, 40 మేకల్ని దింపి ఏం చేయమంటావు అని అడిగితే, "ఇంకేమైనా సహాయం కావాలా?" అంది. ఇంకేమైనా అంటే, అంతకుముందు ఏదో చేసినట్టు! చివరికి ఆ దారిన పోయే ముసలి రైతు ఒకాయన తన 2006 మోడల్ ట్రక్కుకి నా ట్రైలర్ తగిలించుకుని సంత దాకా చేర్చాడు. ఆలిసన్ అనే కంపెనీ ఆరు గేర్ల ట్రాన్స్‌మిషన్ ఉన్న బండి, ఇప్పటికీ లాగుతూనే ఉంది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మీ కంపెనీ పేరు అడిగి నవ్వాడు.

తర్వాత క్లెయిమ్ విభాగం. మొదటి పెద్దమనిషి ఫైలు తెరిచి, నాది మాన్యువల్ గేర్ల బండి అని, క్లచ్ అరిగితే వారంటీ వర్తించదని చెప్పాడు. బాబూ, అమెరికాలో డీజిల్ పికప్‌కి మాన్యువల్ గేర్లు 2018 మోడల్‌తోనే ఆగిపోయాయి, నాది 2021 మోడల్, నా బండిలో క్లచ్ పెడలే లేదు అన్నాను. "సిస్టంలో అలానే ఉంది సర్" అన్నాడు. లేని పెడల్ ఫొటో తీసి పంపమన్నాడు. పంపాను.

రెండో ఆవిడకి బరువు మీద అనుమానం. ఒక్కో మేక ఎంత తూగుతుంది, తూకం రసీదు ఉందా అని ఆరా. ట్రైలర్, మేకలు, గడ్డి, నీళ్ళు అన్నీ కలిపినా 8,000 పౌండ్లు దాటదు. ఈ బండి లాగగలదని బండి తయారుచేసినవాళ్ళు రాసిచ్చిన దాంట్లో అది సగం. మరి టో హాల్ మీట నొక్కారా అంది. నొక్కాను. "దానివల్లే పాడై ఉండొచ్చు" అంది! బరువు లాగేటప్పుడు గేర్లు ఊరికే మారిపోకుండా పట్టి ఉంచడానికి, పల్లంలో ఇంజనే బండిని ఆపుకోవడానికి పెట్టిన మీట అది. వానలో గొడుగు వేసుకున్నందుకే తడిశావన్నట్టుంది.

మూడో ఆయన ఏకంగా గురువుగారు. బరువు లాగాలంటే నేను వేరే ట్రాన్స్‌మిషన్ ఉన్న ట్రక్కు కొనుక్కోవాల్సిందట. అయ్యా, కొనేముందు ఆ చర్చ మా ఇంట్లో మూడు నెలలు జరిగింది. ఐసిన్ ఆరు గేర్లదా, ఫోర్డ్ పది గేర్లదా, ఆలిసన్ పది గేర్లదా అని మా ఆవిడకి కూడా కంఠతా వచ్చింది. పది గేర్లుంటే గేరుకీ గేరుకీ మధ్య ఎడం తక్కువ, ఎత్తెక్కేటప్పుడు ఇంజను తన బలం ఉన్నచోటే తిరుగుతుంది. ఆరు గేర్లదైతే మార్పులు తక్కువ, గొడవ తక్కువ. ఏదైనా సరే, దాని ప్రాణం తీసేది వేడే. అందుకే ఆయిలూ ఫిల్టరూ 60,000 మైళ్ళకి మార్పించాను. ఆ రసీదు మీకు మూడుసార్లు పంపాను. మూడుసార్లూ అందలేదన్నారు. నేను ఏ ట్రాన్స్‌మిషన్ కొన్నానో మీ ఫైల్లో ఉండాలి. ఉండాలి అన్నాను, ఉందని అనలేదు.

ఇక అసలు మెలిక. ట్రాన్స్‌మిషన్ విప్పి చూస్తేగానీ లోపల ఏం పోయిందో చెప్పలేనంటాడు మెకానిక్. లోపల ఏం పోయిందో చెబితేగానీ విప్పడానికి అనుమతి ఇవ్వరు మీరు. అనుమతి లేకుండా విప్పితే ఆ కూలి నా నెత్తిన. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు. చూసి రమ్మని మీరొక ఇన్‌స్పెక్టర్ని పంపారు. ఆయన బండి కిందకి వంగనైనా వంగలేదు. నాలుగు టైర్లకీ ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు.

వీళ్ళందరిలో మనిషిలా మాట్లాడింది ఒక్కరే. హైదరాబాదు నుంచి, అక్కడ తెల్లారగట్ల మూడింటికి. నా యాస పట్టేసి, "మీరు తెలుగువాళ్ళా అంకుల్?" అంది. పాత నోట్స్ అన్నీ చదివి, "సారీ అంకుల్, మావాళ్ళు మిమ్మల్ని చాలా తిప్పారు" అంది. రెండు నెలల్లో నాకు దొరికిన క్షమాపణ అదొక్కటే. సూపర్‌వైజర్‌కి కలుపుతానంది, కలిపేలోపు లైను కట్టయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ మొదటి పెద్దమనిషే, మళ్ళీ క్లచ్చే. ఆ అమ్మాయిని ఏమీ అనకండి, వీలైతే జీతం పెంచండి.

నేను మీకు కొత్తవాణ్ణి కాదు. పదకొండేళ్ళు, మూడు బండ్లు, ఒక్క వాయిదా ఆలస్యం లేదు. ఇన్నేళ్ళలో అడిగింది ఒకే ఒక్కసారి, ఏసీ కంప్రెసర్‌కి. డబ్బు తీసుకునే రోజు మాత్రం మీ సిస్టం ఎంత చురుకో, ఒకటో తారీకు తెల్లారకముందే కార్డు మీద పడుతుంది. మొన్న దసరాకి వాహన పూజ చేద్దామంటే బండి షెడ్డులో ఉంది. ఫోన్‌లో ఫొటో పెట్టి, దానికే కుంకుమ పెట్టాం. మా అబ్బాయి ఇంకా నవ్వుతున్నాడు.

ట్రాన్స్‌మిషన్ విప్పడానికి అనుమతివ్వండి, రిపేరు డబ్బులు కట్టండి, ఈ రెండు నెలల అద్దె ట్రక్కు ఖర్చు సంగతీ తేల్చండి. ఈ నెల 20న ఇక్కడ దీపావళి. అప్పటికి కదలిక లేకపోతే, టెక్సస్‌లో మీలాంటి సర్వీస్ కాంట్రాక్టు కంపెనీలని చూసే లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ శాఖకి ఈ కథంతా ఇంగ్లీషులో వెళ్తుంది. మా ఊరి తెలుగు వాట్సాప్ గ్రూపుకి తెలుగులో వెళ్తుంది. అందులో సగం మందికి మీ పాలసీలే ఉన్నాయి. అదీ చాలకపోతే 40 మేకలతో మీ ఆఫీసు పార్కింగ్‌లోకి నేనే వస్తాను. వాటిని ఎక్కడ దింపాలో అప్పుడు మీరు చెబుదురుగాని.

ఇట్లు,
మీకు ఎంతో ముఖ్యమైన కస్టమరు

తా.క.: ఫోన్ చేసేటట్లయితే సోమ, మంగళవారాలు వద్దు. సంతకి వెళ్ళాలి, అద్దె ట్రక్కులో.