బస్సు లేన్ జంక్షన్‌కు ముందే తెగిపోతే ఎలా?

సంపాదకులు గారికి,

నగరం నడిబొడ్డుకు వచ్చే ప్రధాన రోడ్లను బస్సులు, సైకిళ్లు, నడిచేవాళ్లకు ప్రాధాన్యమిచ్చే కారిడార్లుగా మారుస్తారన్న వార్త మీ పత్రికలో చదివి సంతోషించాను. ఆ తర్వాత మీకు వచ్చిన ఉత్తరాలు చూస్తే మాత్రం వాదనంతా ఒక్కచోటే తిరుగుతోంది: కార్లకు చోటు తగ్గుతుందా, తగ్గదా అని. తగ్గుతుంది. దాచిపెట్టాల్సిన పని లేదు, అందుకే కదా చేస్తున్నది. నా బెంగ అది కాదు.

నేను బస్సు డిపోలో పాతికేళ్లకు పైగా షెడ్యూళ్లు వేసి రిటైరైనవాణ్ని. ముసాయిదా మ్యాప్ చూసినప్పుడు గీత ఎంత పొడవుందో కాదు, ఎక్కడ తెగిందో చూడటం నాకు అలవాటు. ఈ మ్యాప్‌లో బస్సు లేన్‌ను చూపే ఎర్ర గీత ప్రతి పెద్ద జంక్షన్‌కూ కాస్త ముందే ఆగి, అవతల మళ్లీ మొదలవుతోంది. అడుగున చిన్న అక్షరాల్లో ‘జంక్షన్ల వద్ద మిశ్రమ ట్రాఫిక్’ అని రాశారు. గొడవంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది.

బస్సుకు ఆలస్యం అయ్యేది ఎక్కడ? రెండు జంక్షన్ల మధ్య రోడ్డు మీద కాదు. అక్కడ ఎలాగూ బండ్లు కదులుతుంటాయి. ఆలస్యమంతా సిగ్నల్ దగ్గరి క్యూలో, ఆ తర్వాత స్టాపులో. లేన్ సరిగ్గా క్యూ మొదలయ్యే చోట ఆగిపోతే అది బస్సుకు ఇచ్చిన దారి కాదు, రంగేసిన రోడ్డు. ఎడమకు తిరిగే కార్లు, ఆటోలు, ఆ సందులో ముందుకు దూరే బైకులు కలిసి చివరి యాభై మీటర్లు నింపేస్తాయి. బస్సు డ్రైవర్‌కు పచ్చలైటు కనిపిస్తూనే ఉంటుంది, దాటేలోపు ఎర్రగా మారుతుంది. అలా రెండుసార్లు చిక్కితే ఒక్క జంక్షన్‌లోనే నాలుగు నిమిషాలు పోతాయి.

ఈ నాలుగు నిమిషాల విలువ ఏమిటో డిపో లెక్కలో చెబుతాను. ఒక రూట్‌లో బస్సు వెళ్లి తిరిగి రావడానికి 120 నిమిషాలు పడుతుందనుకోండి. పది నిమిషాలకో బస్సు నడపాలంటే 12 బస్సులు కావాలి. జంక్షన్లు బాగుచేసి ఆ 120ని 90కి దించితే అదే పని 9 బస్సులతో అయిపోతుంది. మిగిలిన మూడింటినీ అదే రూట్‌లో ఉంచితే ఏడున్నర నిమిషాలకో బస్సు వస్తుంది. కొత్త బస్సు కొనక్కర్లేదు, కొత్త డ్రైవర్‌ను పెట్టక్కర్లేదు. ఈ లెక్క తిరగబడినా అంతే నిజం. నా ఉద్యోగకాలమంతా తిరగబడిన లెక్కే చూశాను: రన్నింగ్ టైమ్ పెంచుతూ పోయాం, ట్రిప్పులు తగ్గిస్తూ పోయాం. బస్సు రావడం లేదని బండి కొనుక్కున్నవాడు ఆ బండితోనే మరో బస్సుకు అడ్డం నిలబడ్డాడు. అతన్ని తప్పుపట్టలేను, నేనైనా అదే చేసేవాణ్ని.

‘రాకపోతే ఒక్కటీ రాదు, వస్తే మూడూ కలిసే వస్తాయి’ అని ప్రయాణికులు మమ్మల్ని తిట్టేవారు. డ్రైవర్లు కావాలని కలిసి వస్తారని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. ముందు బస్సు సిగ్నల్‌లో చిక్కి రెండు నిమిషాలు ఆలస్యమైతే తర్వాతి స్టాపులో జనం పెరుగుతారు. వాళ్లందరూ ఎక్కడానికి ఇంకో నిమిషం. ఆ పై స్టాపులో ఇంకా ఎక్కువ మంది. వెనక బస్సుకు స్టాపులు ఖాళీగా దొరుకుతాయి కాబట్టి అది తరుముకొచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. మొదటి రెండు నిమిషాలను జంక్షన్‌లో కాపాడగలిగితే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది. కంట్రోలర్ ఎంత అరిచినా సర్దలేనిది ఇదొక్కటే.

స్టాపుల సంగతి కూడా ముసాయిదాలో తేలిగ్గా వదిలేశారు. ప్రతి స్టాపులోనూ బస్సు పక్కకు దిగి ఆగేలా బస్ బే కడతారట. బొమ్మలో అందంగానే ఉంటుంది. కానీ పక్కకు దిగిన బస్సు మళ్లీ రోడ్డెక్కాలంటే వెనక వచ్చే ప్రతి కారునూ బతిమాలుకోవాలి. బస్సుకు ప్రాధాన్యమన్న రోడ్డు మీద బస్సు తన లేన్‌లోనే ఆగాలి, ఫుట్‌పాతే ముందుకొచ్చి దాన్ని అందుకోవాలి. దీంతో స్టాపులో నిలబడే చోటూ పెరుగుతుంది. ఇక ఎక్కడం. ఒకే తలుపు దగ్గర టికెట్ చూసుకుంటూ ఒక్కొక్కరికి మూడు సెకన్లు వేసుకున్నా ఇరవై మందికి నిమిషం. బ్రెజిల్‌లోని కురిటిబాలో 1974లోనే బస్సులకు ప్రత్యేక లేన్లు వేశారు. 1991లో గాజు గొట్టాల్లాంటి స్టాపులు తెచ్చారు. డబ్బు ముందే కట్టి లోపల నిలబడాలి. బస్సు నేల, స్టాపు నేల ఒకే ఎత్తులో ఉంటాయి, జనం చాలా తలుపుల్లోంచి ఒకేసారి ఎక్కేస్తారు.

‘ఇవన్నీ అక్కడ కుదురుతాయి, ఢిల్లీలో ఏమైందో చూడలేదా’ అని ఒక పాఠకుడు రాశారు. చూశాం. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల కారిడార్ 2008లో మొదలైంది, 2016లో పీకేశారు. కానీ అక్కడ దెబ్బతిన్నది ఎక్కడో కూడా చూడాలి. స్టాపులు జంక్షన్లకు ఆనుకుని ఉండేవి. సిగ్నల్ ఒక రౌండు తిరగడానికి చాలా సేపు పట్టేది. వెనక బస్సులు వరుస కట్టేవి, పక్క లేన్లలో కార్లవాళ్లు హారన్లు కొట్టేవారు. బస్సు లేన్ చెడ్డదని ఢిల్లీ చెప్పలేదు. జంక్షన్ తప్పితే లేన్ కూడా పోతుందని చెప్పింది. మన ముసాయిదా సరిగ్గా ఆ తప్పునే ఇంకో రూపంలో చేస్తోంది.

నడక గురించి. నగరంలోకి బస్సులో వచ్చిన ప్రతి మనిషీ దిగగానే పాదచారే. స్టాపులో దిగి రోడ్డు దాటలేకపోతే బస్సు ఎంత వేగంగా వచ్చి ఏం లాభం? 24 మీటర్ల రోడ్డు దాటడానికి సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడిస్తే 20 సెకన్లు. ఆ నడక నాకు ఇప్పుడు లేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్ప, అంటే 30 సెకన్లు. మొన్న ఒక సిగ్నల్‌లో ఆమె సగం దాటేసరికి అంకెలు మూడు, రెండు, ఒకటి అని దిగిపోయాయి. డివైడర్ మీద అడుగు వెడల్పు కూడా లేని చోట, ఒక చేత్తో నా భుజం, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని నిలబడింది. రెండువైపులా చీర కొంగు ఎగిరేంత దగ్గరగా బండ్లు పోతున్నాయి. ఫుట్ ఓవర్‌బ్రిడ్జి కడతామంటారు కొందరు. మెట్లెక్కగలిగినవాళ్లు ఎలాగూ పరుగెత్తి దాటేస్తారు. ఎక్కలేనివాళ్ల కోసమే కదా దారి కావాల్సింది. ఫుట్‌పాత్ కూడా ప్రతి గేటు దగ్గరా దిగి మళ్లీ ఎక్కనక్కర్లేదు. ఫుట్‌పాత్ ఒకే ఎత్తులో సాగాలి, గేటులోకి వెళ్లే కారు ర్యాంపెక్కి దాన్ని దాటాలి.

సైకిల్ విషయంలో నాకు అనుభవం తక్కువ, కాబట్టి ఒక్క మాటే. సైకిల్ దారిని బస్సుకూ స్టాపుకూ మధ్యలోంచి గీశారు. బస్సు ఆగిన ప్రతిసారీ సైకిల్ మీది పిల్ల, బస్సెక్కే జనం ఒకరి మీద ఒకరు పడతారు. ఆ దారిని స్టాపు వెనకనుంచి తిప్పాలి.

ఇన్నింటికి చోటెక్కడిది అంటారా? అదే 24 మీటర్లు తీసుకోండి. రెండువైపులా రెండున్నర మీటర్ల ఫుట్‌పాత్‌లు, రెండేసి మీటర్ల సైకిల్ దారులు, 3.3 మీటర్ల బస్సు లేన్లు, మూడేసి మీటర్ల చొప్పున మిగతా బండ్లకు ఒక్కో లేన్. మొత్తం 21.6 మీటర్లు. మిగిలిన 2.4 మీటర్లలో చెట్లు, దీపస్తంభాలు, మధ్యలో ఆగడానికి చోటు. రోడ్డు పక్క పార్కింగ్‌కు మాత్రం చోటు లేదు, నిజమే. ఎనిమిది గంటలు కదలని బండి రోడ్డును వాడుకుంటున్నట్టా, ఆక్రమించినట్టా అన్నది పాఠకులకే వదిలేస్తాను. పచ్చలైటు ఉన్నంతసేపూ ఒక లేన్‌లోంచి గంటకు సుమారు 1,800 కార్లు పోగలవని ట్రాఫిక్ ఇంజనీర్ల లెక్క. పచ్చలైటు సగం సమయమే కాబట్టి 900. కారుకు ఒకటిన్నర మంది అనుకున్నా 1,350 మంది. అదే వెడల్పులో నిమిషానికో బస్సు, బస్సుకు 50 మంది చొప్పున 3,000.

రోడ్డు మరీ ఇరుకైన చోట, అంటే పాత బజారు మలుపుల్లాంటి చోట, ఈ కొలతలు పట్టవు. అక్కడ రోడ్డును పంచే బదులు ట్రాఫిక్‌ను మళ్లించాలి. బెల్జియంలోని ఘెంట్ నగరం 2017లో నడిబొడ్డును నడకకు వదిలి, దాని చుట్టూ ఆరు భాగాలు చేసింది. ప్రతి భాగంలోకీ కారు వెళ్లొచ్చు, కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే బయటి రింగ్ రోడ్డెక్కి రావాలి. బస్సు, సైకిల్ మాత్రం నేరుగా పోతాయి. సరుకు దింపే వ్యాన్లు తమ భాగంలోకి వస్తూనే ఉంటాయి కాబట్టి వ్యాపారుల భయానికి సగం జవాబు ఇందులోనే ఉంది.

ముసాయిదాపై అభ్యంతరాలకు గడువు ఇంకా ఉంది. కిలోమీటర్ల లెక్క కాకుండా ప్రతి జంక్షన్ డ్రాయింగూ, ప్రతి సిగ్నల్‌లో బస్సుకూ పాదచారికీ ఎన్ని సెకన్లు ఇస్తారో ఆ పట్టికా బయటపెట్టమని నేను రాసిచ్చాను. రసీదు ఇచ్చారు. డ్రాయింగులు కన్సల్టెంట్ దగ్గరున్నాయి, సోమవారం రమ్మన్నారు. సోమవారం వెళ్తున్నాను, బస్సులోనే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్సు డిపో ఉద్యోగి