మా ఆయమ్మ టీచర్ ఎప్పుడవుతుంది, మంత్రిగారూ?

ఆంధ్రప్రదేశ్ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పదిహేడేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశాం, మధ్యలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం కూడా పెట్టారు. అప్పుడు బయటివాళ్లకు వినబడింది ఎక్కువగా జీతాల మాటే. ఆ గొడవ తీరిందని కాదు గానీ, ఈ ఉత్తరం ప్రమోషన్ల గురించి.

మా సెంటర్ ఆయమ్మ పేరుకు హెల్పరు. పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకురావడం, వంట, ఊడ్వడం, ఇవీ కాగితం మీద ఆమె పనులు. నేను సెక్టార్ మీటింగ్‌కి వెళ్లిన రోజు మాత్రం టీచర్ ఆమే. పిల్లల బరువు తూస్తుంది, జబ్బ కొలత తీస్తుంది. మేం వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో బాలింత ముఖం పట్టక నేను విసుక్కుంటుంటే, ఆమెను వెలుతురు వైపు తిప్పి నిలబెట్టి ఫొటో తీసేది కూడా ఆయమ్మే. నలభై దాటాక ఓపెన్ టెన్త్ రాసి పాసైంది. పరీక్షల ముందు పిల్లలు పడుకున్నాక నా దగ్గర లెక్కలు చేసేది.

టీచర్ పోస్టుల్లో సగం ఐదేళ్ల అనుభవం ఉన్న హెల్పర్లకు, సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం ఐదేళ్లు చేసిన టీచర్లకు ప్రమోషన్‌గా ఇవ్వాలని, మిగతా అర్హతలు ఉండాలని కేంద్రం 2022లోనే అంగన్‌వాడీల పథకమైన పోషణ్ 2.0 మార్గదర్శకాల్లో రాసింది. నాకు ఈ సంగతి ఏ అధికారీ చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులో చూశాను.

మా ఊళ్లోనే రెండో సెంటర్లో టీచర్ పోస్టు ఖాళీ అయింది. నోటిఫికేషన్ పడిందని మాకు తెలిసేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. ఆఫీసులో అడిగితే "నోటీసు బోర్డులో పెట్టాం కదమ్మా" అన్నారు. ఆ బోర్డు మా ఊరికి ఇరవై రెండు కిలోమీటర్లు. "పోన్లే టీచరమ్మా, మళ్లీ పడుతుందిలే" అని ఆయమ్మే నాకు సర్దిచెప్పింది.

హెల్పర్ల, టీచర్ల సీనియారిటీ లిస్టు ఏటా బయటపెట్టించండి. ఖాళీ పడితే నెల ముందే ప్రతి సెంటర్ ఫోన్‌కీ మెసేజ్ రావాలి. రోజూ పిల్లల ఫొటోలు అడగడానికి ఆ ఫోన్ పనికొస్తోంది కదా! కొత్త యాప్ వస్తే మాకు ట్రైనింగ్ ఇస్తున్నారు, మా ఆయమ్మను మాత్రం ఒక్కదానికీ పిలవలేదు. సూపర్‌వైజర్ పరీక్షకు ఏం చదవాలో నాకూ ఇంతవరకు చెప్పినవాళ్లు లేరు.

అందరికీ ప్రమోషన్ కావాలనీ కాదు. సూపర్‌వైజర్ అయితే ఇరవై పాతిక సెంటర్లు తిరగాలి, అత్తమామలు మంచాన ఉన్నవాళ్లు వద్దంటారు. వాళ్లను బలవంతపెట్టొద్దు. అడిగేవాళ్లను మాత్రం ఆఫీసుల చుట్టూ తిప్పొద్దు.

ఆయమ్మ టెన్త్ మార్కుల మెమో జిరాక్సు నా రిజిస్టర్ల బీరువాలోనే ఉంది. ఎవరికి ఇవ్వాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో చెప్పించండి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్