వెక్కిరించాలన్నా విద్య కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

టీవీ కామెడీ స్కిట్లలో కూచిపూడిని వెక్కిరించడాన్ని నిషేధించాలంటూ పోయిన ఆదివారం మీ పేజీలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. ఆయన బాధ నాకు తెలుసు. ఏడేళ్లు ఆ నాట్యం నేర్చుకున్నదాన్ని. ఈమధ్య మా మనవడి పక్కన కూర్చుని అలాంటి స్కిట్టే ఒకటి చూశాను. మీసాలు తీయకుండానే జడకుచ్చులు పెట్టుకున్న కమెడియన్ మెడ అటూ ఇటూ ఆడించి, కళ్లు గుండ్రంగా తిప్పి, రెండడుగులు వేసి దభీమని పడ్డాడు. జడ్జీలు పగలబడి నవ్వారు. మావాడు నావైపు తిరిగి, "అమ్మమ్మా, నువ్వు నేర్చుకుంది ఇదేనా?" అన్నాడు.

అయినా సరే, నిషేధం మాట నాకు రుచించలేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త దూరం వెళ్లాలి.

1950 ఫిబ్రవరిలో అమెరికాలో ఎన్‌బీసీ అనే టీవీ సంస్థ వాళ్లు 'యువర్ షో ఆఫ్ షోస్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ప్రతి శనివారం రాత్రి గంటన్నర, అంతా లైవ్. అప్పటికి అక్కడ నూరిళ్లలో తొమ్మిదింట్లోనే టీవీ ఉండేది. 1954లో ఆ కార్యక్రమం ముగిసేసరికి సగానికి పైగా ఇళ్లలోకి వచ్చేసింది. సిడ్ సీజర్, ఇమోజిన్ కోకా అందులో ప్రధాన హాస్యనటులు. బాలేను, అంటే మునివేళ్ల మీద నిలబడి ఆడే పాశ్చాత్యుల శాస్త్రీయ నృత్యాన్ని, ఆటపట్టించడంలో కోకా దిట్ట. యూట్యూబ్‌లో దొరికినవి కొన్ని చూశాను. అప్పటికింకా వీడియోటేపు రాలేదు. టీవీ తెర ఎదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన నకళ్లవి, బూడిద పూసినట్టు మసకమసకగా ఉంటాయి. ఆ మసకలోనూ నాలాంటిదానికి ముందు కనబడేది ఆవిడ కాళ్లే. ఊరికే ఎగిరే మనిషికీ, నేర్చుకుని ఎగిరే మనిషికీ తేడా ఎక్కడున్నా పట్టేస్తాం కదా. ఒళ్లంతా శిక్షణలో ఉంటుంది, ఆ పెద్ద కళ్లూ మూతి విరుపులూ మాత్రం ఇంకో కథ చెబుతుంటాయి. నవ్వంతా ఆ రెంటి మధ్య నుంచే పుడుతుంది. (ఆవిడ తల్లి కూడా రంగస్థలం మనిషే, తండ్రి వాద్యబృందం నడిపినవాడు. చిన్నప్పుడే నాట్యం, సంగీతం రెండూ నేర్పించారు.)

ఇక ఆ నృత్యాలు కూర్చిన జేమ్స్ స్టార్‌బక్ ఎవరనుకున్నారు? అంతకుముందు బాలే రూస్ ద మాంటే కార్లో బృందంలో ఆడిన అసలుసిసలు బాలే నర్తకుడు. కోకాకు జతగా ఆయనే వేషం కట్టిన సందర్భాలూ ఉన్నాయి. అంటే బాలేను ఎక్కడ గిల్లితే నవ్వొస్తుందో, ఎక్కడ గిల్లితే గాయమవుతుందో ఎరిగినవాడు. ఆ కార్యక్రమం ఆఫీసు న్యూయార్క్ సిటీ సెంటర్ భవనంలో ఉండేది. పేరుమోసిన నృత్యకర్త బాలన్షీన్ స్థాపించిన న్యూయార్క్ సిటీ బాలే బృందం ప్రదర్శనలకూ అప్పట్లో ఇల్లు ఆ భవనమే. వేళాకోళం, అసలు విద్య ఒకే గూట్లో కాపురమున్నాయన్నమాట.

ఆ తొలినాళ్ల టీవీలోనే ఎర్నీ కోవాక్స్ అనే ఆయన గొరిల్లా తొడుగులు వేసినవాళ్లతో 'స్వాన్ లేక్' అనే ప్రసిద్ధ బాలే ఆడించాడు. అందులో తమాషా ఏమిటంటే, తాము గొరిల్లాలమన్న సంగతే తెలియనట్టు వాళ్లు బుద్ధిగా నాట్యం చేసుకుపోతారు. చివర్లో పూలగుత్తికి బదులు అరటిగెల ఇస్తారు, అంతే. ఎవరూ కాలు జారి పడక్కర్లేకపోయింది.

నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇంకోటి. కోకాతో బాలేను ఆటపట్టించిన అదే ఎన్‌బీసీ 1955 డిసెంబరులో లండన్‌కు చెందిన సాడ్లర్స్ వెల్స్ బాలే బృందంతో, మార్గట్ ఫాంటేన్ నాయికగా 'స్లీపింగ్ బ్యూటీ' బాలేను రంగుల్లో ప్రసారం చేసింది. సుమారు మూడు కోట్ల మంది చూశారని లెక్క. అసలుదీ చూపించారు, దాని మీద జోకూ చూపించారు. పక్కింటాయన గొంతు అనుకరిస్తే మనం నవ్వేది ఆ పక్కింటాయన మనకు తెలుసు కాబట్టే. మా మనవడికి టీవీలో కూచిపూడి కనబడేది స్కిట్‌లో మాత్రమే. వాడి తప్పేముంది?

హాస్యం కూచిపూడికి అంటుసొంటు కాదు. కూచిపూడివాళ్ల భామాకలాపంలో చెలికత్తె మాధవి సత్యభామను ఏడిపించుకు తినదూ? అంతటి భామగారిని పక్కనే నిలబడి దెప్పుతుంటే రాత్రుళ్లు జనం విరగబడి నవ్వినవాళ్లే. కానీ మాధవి వేషం కొత్తవాడికి ఇచ్చేది కాదు. సూత్రధారుడే కడతాడు, అంటే మేళమంతా చేతిలో ఉన్న మనిషి.

కాలేజీ వార్షికోత్సవంలో నాకూ ఒకసారి బుద్ధి పుట్టింది. స్నేహితురాళ్లు బలవంతం చేస్తే, కావాలని తాళం తప్పే నట్టువరాలి వేషం వేశాను. మామూలు జతికి, అంటే తాళానికి కట్టిన అడుగుల వరసకి, రెండు రోజుల సాధన సరిపోయేది. దీనికి పదిహేను రోజులు పట్టింది. అరక్షరం ముందు తప్పితే చేతకాక తప్పానంటారు, సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడబోయి ఆగితేనే నవ్వుతారు. మా మాస్టారు ముందు వరసలో కూర్చుని నవ్వారు. మర్నాడు క్లాసులో మాత్రం ఆ జతినే నాలుగుసార్లు సరిగ్గా చేయించి వదిలారు.

అందుకని చానళ్లవాళ్లకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. స్కిట్లు ఆపొద్దు. నాట్యం మీద స్కిట్ చేసేటప్పుడు రిహార్సల్‌కి ఒక నాట్యాచార్యుణ్ణి పిలవండి, ఆయనకు డబ్బులివ్వండి, తెర మీద పేరు వెయ్యండి. అదే వారం, అదే ఎనిమిది గంటల వేళ, జడ్జీల కేకలూ చప్పట్ల రికార్డింగూ లేకుండా ఒక పది నిమిషాలు అసలు నాట్యం చూపించండి. తెల్లవారుజామున ఐదింటికి వేసి చేతులు దులుపుకోవద్దు. ఆ వేళకి మావాడు నిద్ర లేవడు.

– ఒక పాఠకురాలు, తెనాలి