పిల్లల గదిలోకి వెళ్లేముందు పత్రాలు అడిగితే అవమానమా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ప్రవాస తెలుగువారి పేజీలో కిందటి నెల వచ్చిన వ్యాసం గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. ఎవరో ఒకరు జవాబు రాస్తారని చూశాను. తరువాత అచ్చయిన ఉత్తరాలన్నీ వ్యాసకర్తను సమర్థించేవే కావడంతో ఇక ఊరుకోలేకపోయాను. ఫిలడెల్ఫియా శివార్లలోని ఒక క్వేకర్ మీటింగులో (క్వేకర్లు ఒక క్రైస్తవ శాఖ, వాళ్ల స్థానిక ప్రార్థనా సంఘాన్ని మీటింగు అంటారు) ఆదివారం పిల్లల తరగతికి సాయపడతానని వెళ్లిన తెలుగు పెద్దాయనను, జీవితమంతా బడిపంతులుగా గడిపిన మనిషిని, నేరచరిత్ర లేదన్న పత్రాలు తెచ్చేదాకా పిల్లల గదిలోకి రానివ్వలేదనీ, శాంతికీ సమానత్వానికీ పేరుపడ్డవాళ్లే మన పెద్దల్ని నేరస్థుల్ని చూసినట్టు చూశారనీ ఆ వ్యాసం సారాంశం. ఆ పెద్దాయన నొచ్చుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ ఆ నిబంధన ఎందుకు పుట్టిందో ఒక్క వాక్యమైనా రాయకుండా, దాన్ని తెలుగువారికి జరిగిన పరాభవంగా చిత్రించిన వ్యాసకర్త తీరు మాత్రం మింగుడుపడలేదు.

మేము హిందువులమే. అయినా నా పిల్లలిద్దరూ చెస్టర్ కౌంటీలో మరో క్వేకర్ మీటింగు ఆదివారాల్లో పిల్లల కోసం నడిపే ఫస్ట్ డే స్కూలుకు ఇష్టపడి వెళతారు. పెద్దలతోపాటు కాసేపు మౌన ప్రార్థనలో కూర్చుని, తరువాత పక్కగదికి వెళ్లి కథలు వింటారు, బొమ్మలు గీస్తారు. ఆ గదిలో ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దలు ఎప్పుడూ ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి లేదా తలుపుకు అద్దం ఉండాలి. రెండో మనిషి రాని రోజున తరగతి రద్దు చేస్తారు తప్ప ఒక్కరితో నడపరు. అలా రద్దయినప్పుడు నాకూ విసుగు వచ్చిన మాట నిజమే గాని, ఆ విసుగుకు విలువిచ్చి నియమాన్ని సడలించి ఉంటే నా పిల్లల్ని అక్కడికి పంపడం ఆనాడే మానేసేదాన్ని.

ఇక చట్టం సంగతి. ఈ పత్రాలు క్వేకర్లు సొంతంగా కల్పించుకున్న ఆచారం కాదు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ సహాయ శిక్షకుడిగా పనిచేసిన జెర్రీ సాండస్కీపై 2011లో బాలలపై లైంగిక వేధింపుల అభియోగాలు వచ్చి, 2012 జూన్‌లో నేరం రుజువయ్యాక పెన్సిల్వేనియా రాష్ట్రం మొత్తం తల దించుకుంది. పేదపిల్లల కోసం తానే స్థాపించిన సేవాసంస్థ ద్వారానే అతను ఆ పిల్లలకు దగ్గరయ్యాడు. ఊరంతా గౌరవించిన మనిషి, పిల్లలంటే ప్రాణమిస్తాడని పేరున్న మనిషి. ఆ తరువాతే ఇక్కడి శాసనసభ 2014లో బాలల రక్షణ చట్టాన్ని సవరించి, పిల్లలతో క్రమం తప్పకుండా మెలిగే వాలంటీర్లకు కూడా ధ్రువపత్రాలు తప్పనిసరి చేసింది. రాష్ట్ర పోలీసుల పత్రం ఒకటి, పిల్లలపై వేధింపుల రికార్డుల్లో పేరు లేదన్న పత్రం ఒకటి, ఎఫ్‌బీఐ వేలిముద్రల తనిఖీ ఒకటి. గత పదేళ్లూ వరసగా ఈ రాష్ట్రంలోనే నివసించిన వాలంటీరుకు ప్రమాణపత్రంతో వేలిముద్రల మినహాయింపు ఉంది. మిగిలిన పెద్దలు, ఏ దేశం నుంచి వచ్చినవారైనా, వేలిముద్రలు ఇవ్వాలి. అయిదేళ్లకోసారి వీటిని మళ్లీ తీసుకోవాలి. మా మీటింగులో పుట్టి పెరిగిన తెల్లజాతి తాతగారూ ఈ చట్టం ప్రకారమే పత్రాలు ఇస్తున్నారు. అలాంటప్పుడు ఇది మనపై చూపిన చిన్నచూపు ఎలా అవుతుందో వ్యాసకర్తే చెప్పాలి.

క్వేకర్ల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరమని వాళ్లను దగ్గరగా చూసినదానిగా చెప్పగలను. మౌన ప్రార్థన చేసే మీటింగుల్లో జీతం తీసుకునే పురోహితుడు ఉండడు. పనులన్నీ వాలంటీర్లే పంచుకుంటారు. తలుపు అందరికీ తెరిచే ఉంటుంది, సభ్యత్వం లేకపోయినా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందన్నది వాళ్ల మూల విశ్వాసం. ఈ గుణాలను చూసే నేను వాళ్లను ఇష్టపడ్డాను. కానీ పిల్లలకు హాని తలపెట్టే మనిషికి ఇంతకంటె అనుకూలమైన చోటు మరొకటి ఉండదని కూడా ఒప్పుకోవాలి. ఎవరినీ అనుమానించడానికి ఇష్టపడని సమాజం, పెత్తనం చేసే మనిషంటూ లేని సమాజం, కిశోరవయసు పిల్లల్ని రాత్రిపూట మీటింగ్ హౌస్ నేలమీద స్లీపింగ్ బ్యాగుల్లో పడుకోబెట్టి శిబిరాలు జరిపే సమాజం నియమాలు రాసిపెట్టుకోకుండా ఒకరి మంచితనంమీద ఒకరు ఆధారపడి నడవకూడదు.

క్వేకర్లను ఆకాశానికెత్తడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాళ్లలో నాకు భయం కలిగించే అలవాటు ఒకటుంది. ఏ నిర్ణయమైనా ఓటు వేయకుండా, అందరి మనసూ ఒకచోటికి వచ్చేదాకా మౌనంగా ఎదురుచూసి, అప్పుడు సమావేశం నడిపే క్లర్కు దాన్ని మినిట్‌గా, అంటే తీర్మానంగా, రాస్తారు. యుద్ధం గురించో, మీటింగు నిధుల గురించో అలా ఎదురుచూడటం మంచిదే. ఒక బిడ్డ ఒంటిమీద దెబ్బ కనిపించినప్పుడు, ఒక బిడ్డ ఫలానా వారి దగ్గరికి వెళ్లనని ఏడ్చినప్పుడు, నెలవారీ సమావేశం దాకా ఆగే హక్కు ఎవరికీ లేదు. 2014 నాటి సవరణలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. అనుమానం కలిగిన వ్యక్తి, జీతగాడైనా వాలంటీరైనా, ముందు తానే పిల్లలపై వేధింపుల ఫిర్యాదులు తీసుకునే రాష్ట్ర ఫోన్ కేంద్రమైన చైల్డ్‌లైన్‌కు తెలపాలి, ఆ తరువాతే సంస్థ పెద్దకు చెప్పాలి. పెద్దకు చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. మా మీటింగులో ఈ సంగతి గోడమీద అతికించాలని అడిగితే, అది ప్రార్థనా మందిరపు ప్రశాంతతకు సరిపడదని ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. మంచి మనుషులే, అయినా నేను గట్టిగానే పోట్లాడాను. ఇప్పుడు ఆ కాగితం గోడమీద ఉంది.

మంచి మనుషులమన్న నమ్మకం ఎంత హాని చేయగలదో క్వేకర్ల చరిత్రే చెబుతుంది. 1688లో ఫిలడెల్ఫియా దగ్గరి జర్మన్‌టౌన్‌లో బానిసత్వాన్ని రాతపూర్వకంగా నిరసించిన ఆ సమాజమే, 1869లో అధ్యక్షుడు గ్రాంట్ మొదలుపెట్టిన విధానం కింద కొన్ని అమెరికా ఆదివాసీ తెగల వ్యవహారాలను చేతిలోకి తీసుకుని, వాళ్ల పిల్లల కోసం వసతిబడులు నడిపింది. కన్నవాళ్లనుంచి దూరం చేసి, భాష మాన్పించి, జుట్టు కత్తిరించి, అదంతా ఆ పిల్లల మేలుకేనని నిజాయితీగా నమ్మారు. 2022 మేలో అమెరికా ప్రభుత్వం అలాంటి బడులపై నివేదిక ప్రకటించాక క్వేకర్లు తమ పాత రికార్డులను మళ్లీ తిరగేయవలసి వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రొఫెసర్ అలెక్సిస్ జే అధ్యక్షతన జరిగిన స్వతంత్ర విచారణ కూడా 38 మత సంస్థలను పరిశీలించి 2021 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. పరువు పోతుందన్న భయం, బయటివారిపై అపనమ్మకం, నేరస్థుణ్ణి క్షమించాలన్న ఒత్తిడి పిల్లల నోరు నొక్కుతున్నాయని అందులో ఉంది. ఆ సంస్థల్లో హిందూ సంస్థలూ ఉన్నాయని మన వాళ్లు గమనించాలి.

అసలు నా ఆవేదనంతా ఇక్కడే ఉంది. క్వేకర్లు పత్రాలు అడిగినందుకు ఇంత నొచ్చుకున్న మనం, ఇదే రాష్ట్రంలో మనం నడిపే వారాంతపు తెలుగు బడుల్లో, గుడుల్లోని బాలవికాస్ తరగతుల్లో, నాట్యం, సంగీతం నేర్పే ఇళ్ల బేస్‌మెంట్లలో ఏ పాటి జాగ్రత్త తీసుకుంటున్నాం? నేను సాయానికి వెళ్లిన ఒకచోట పత్రాల మాట ఎత్తితే, మనలో మనకు ఇవన్నీ ఏమిటండీ అన్నారు. మరోచోట పెద్ద కార్యక్రమం రోజున చిన్నపిల్లల్ని ఒక గదిలో చేర్చి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లను కాపలా కూర్చోబెట్టారు. ఏ బిడ్డను ఎవరు తీసుకువెళ్లారో రాసుకునే పుస్తకమైనా లేదు. వేదిక అలంకరణకు, అతిథుల సన్మానాలకు నెలల తరబడి కమిటీలు కూర్చుంటాయి. పిల్లల భద్రతకు మాత్రం ఒక సాయంత్రం కేటాయించమని అడిగినవాళ్లు గొడవమనుషులు అవుతారు. అత్తయ్య, మామయ్య, బాబాయి, తాతయ్య అని పిలిపించినంత మాత్రాన పిల్లలు క్షేమంగా ఉండరు. వేధింపులకు గురయ్యే పిల్లల్లో చాలామందికి ఆ మనిషి అపరిచితుడు కాదని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరూ చెబుతున్నారు.

ప్రభుత్వాల నిర్లక్ష్యం గురించీ చెప్పకుండా ఉండలేను. ఫోన్ చేయమని చట్టం చేసిన ఇదే పెన్సిల్వేనియాలో, 2015లో చైల్డ్‌లైన్‌కు వచ్చిన ఫోన్లలో సుమారు 42,000 ఎవరూ ఎత్తలేదని రాష్ట్ర ఆడిటర్ జనరలే మరుసటి ఏడు బయటపెట్టారు. చట్టం రాయగానే పని అయిపోయిందనుకుని, ఫోన్ ఎత్తడానికి సరిపడా మనుషుల్ని ముందుగా పెట్టుకోని అధికారులను ఏమనాలి? మన దేశంలోనూ అంతే. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలపాలి. తెలపని సంస్థ అధిపతికి 21వ సెక్షను కింద ఏడాది దాకా జైలుశిక్ష ఉంది. వేసవిలో ఆశ్రమాలు, చర్చిలు, ధ్యాన కేంద్రాలు పెట్టే శిబిరాలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలియజేయవలసిన శాఖలు ఏం చేస్తున్నాయి?

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. వ్యాసం అచ్చయిన అదే పేజీలో, అంతే చోటిచ్చి, వాలంటీర్లకు కావలసిన మూడు పత్రాల వివరాలనూ, వాటిలో మొదటి రెండూ వాలంటీర్లకు ఉచితమన్న సంగతినీ, పెన్సిల్వేనియా చైల్డ్‌లైన్ నంబరు 1-800-932-0313నూ, మన దేశంలోని 1098నూ ప్రచురించండి. ఇక్కడి తెలుగు సంఘాల ప్రకటనలు మీ పత్రికకు వస్తూనే ఉంటాయి. పిల్లల కార్యక్రమం గురించి ప్రకటన ఇచ్చే ప్రతి సంఘాన్నీ, మీ వాలంటీర్ల పత్రాలు పూర్తయ్యాయా అని అచ్చు వేసేముందు అడగండి.

ఇట్లు,
ఒక తల్లి, మీ పాఠకురాలు
చెస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా