పంటు కూడా రోడ్డే, మంత్రిగారూ

రోడ్లు, రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

కారేసుకుని నాలుగు రోజులు తిరిగొద్దామని ఇంటిల్లిపాదీ బయల్దేరాం. ఒకచోట ఫోన్ మ్యాపులో రోడ్డు నది దాకా వచ్చి, నీళ్ల మీద సన్నటి చుక్కల గీతగా మారి, అవతలి గట్టున మళ్లీ రోడ్డయింది. ఆ చుక్కలంటే పంటు, అదే బళ్లనీ మనుషుల్నీ నది దాటించే ఫెర్రీ, అని రేవులో దిగేదాకా నాకు తట్టలేదు. ‘ఫెర్రీలు వద్దు’ అని మ్యాపుకి ముందే చెప్పుకోవచ్చట. తెలిసినా చెప్పను లెండి. ఈ ప్రయాణంలో బాగా గుర్తుండిపోయినవి ఆ పంట్లే.

మొదటి రేవులో కళాసీ ఒకాయన నన్ను తప్ప అందర్నీ కారు దింపేశాడు. అద్దాలు పూర్తిగా దించమన్నాడు. బండి నీళ్లలోకి జారితే బయటి నీటి ఒత్తిడికి తలుపులు తెరుచుకోవు, కిటికీయే దిక్కు. రెండు చెక్కల మీదుగా కారెక్కుతుంటే ఆయన నా ముఖం చూడలేదు. ముందు చక్రాన్నే చూస్తూ, అరచెయ్యి ఆడిస్తూ ‘రానీ, రానీ, ఎడమకి కొట్టు’ అన్నాడు. కారు ఎక్కగానే పంటు నా వైపు ఒరిగింది. నాకు చెమటలు పట్టాయి. ఆయన తాపీగా ట్రాక్టర్‌ని రెండో వైపు నిలబెట్టించి, బైకుల్ని సందుల్లో సర్ది, చక్రాల కింద చెక్కముక్కలు తన్నాడు. పంటు సమంగా నిలబడింది.

ఏ బరువు ఎక్కడుండాలో ఆయన కళ్లకు తెలుసు. కానీ ఆయన కళ్లకు మాత్రమే తెలుసు. ఆయన సెలవు పెట్టిన రోజు సంగతేంటి?

పంటు ఎంత లోతు మునగొచ్చో పక్కన ఒక గీత గీస్తే చాలు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే బ్రిటిష్ ఎంపీ పట్టుబట్టడంతో 1876లోనే ఓడలకు అలాంటి గీత తప్పనిసరి చేశారు. అయితే దాన్ని ఎక్కడ గీయాలో చాలా ఏళ్లు ఓనర్ల ఇష్టానికే వదిలేశారు! మీరు ఆ పని చేయకండి. లైఫ్ జాకెట్ల గురించి వేరే చెప్పక్కర్లేదు, ఉన్నాయి, బస్తాలో. దాని మూతి ముడి విప్పడానికి పళ్లు కావాలి.

మూడో రేవులో మాత్రం ఒళ్లు మండింది. మెయిన్ రోడ్డు వదిలి 18 కిలోమీటర్లు గతుకుల్లో వెళ్తే పంటు లేదు. ‘ఆఖరి ట్రిప్పు సాయంత్రం 5 గంటలకు’ అని బోర్డుంది. ఎక్కడ? రేవులో, పంటు వెళ్లిపోయిందని కళ్లకు కనబడుతున్న చోట. మా వెనకే వచ్చిన వ్యాన్ ఆ ఇరుకు గట్టు మీద వెనక్కి తిరగడానికి పావుగంట పట్టింది.

ఈ ఉత్తరం చదివి రేవులకు నోటీసులిచ్చి మూయించేరు, మీకు దణ్ణం పెడతాను. అవతలి ఊళ్లవాళ్లకు రోజూ అదే దారి. స్వీడన్‌లో పసుపు రంగు ఫెర్రీలను రోడ్ల శాఖే నడుపుతుంది. అవి రోడ్డులో భాగం కాబట్టి టికెట్ లేదు. కెనడాలో ఫ్రేజర్ నది మీద, లిట్టన్ దగ్గర రెండు బళ్లు పట్టే బుల్లి ఫెర్రీ ఉంది. దాన్ని తీగకు తగిలించి ప్రవాహానికి ఏటవాలుగా తిప్పితే నీరే అవతలికి తోసేస్తుంది. అదీ ఉచితమే. నేను టికెట్ తీసేయమనడం లేదు. బలహీనమైన వంతెన ఉంటే ఎంత బరువు దాకా వెళ్లొచ్చో మీవాళ్లు ముందే బోర్డు పెడతారు కదా, పంటుకీ ఆ మర్యాద ఇవ్వమంటున్నాను. ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో, ఎంత బండి పడుతుందో, ఇవాళ నడుస్తోందో లేదో మలుపులోనే తెలియాలి.

తిరిగొచ్చే ముందు రేవులో ఉన్నతన్ని అడిగాను, ఈ బోర్డేదో మెయిన్ రోడ్డు మీద పెట్టొచ్చు కదా అని.

‘అక్కడ జాగా మాది కాదండీ, రోడ్లవాళ్లది’ అన్నాడు.

రోడ్లవాళ్లంటే మీరే కదా సార్.

ఇట్లు,
18 కిలోమీటర్లు వెనక్కొచ్చిన ఒక కారు యజమాని