రాజీ మాట ఎత్తేముందు

అమ్మలూ,

గృహహింస బాధితుల సహాయ కేంద్రంలో చేరుతున్నావు కదా, ఇవి దగ్గర పెట్టుకో.

దెబ్బలు తిని వచ్చినావిడ "మా మతంలో భర్తను వదలకూడదండీ" అంటే వాదనకు దిగకు. మీ నమ్మకంలో మీకు ధైర్యమిచ్చేది ఏముందని అడుగు. కొట్టేవాడు తనకు పనికొచ్చే ముక్కే వల్లిస్తుంటాడు. బైబిల్లో భార్య లోబడాలనే ఎఫెసీయులకు 5:22 చెప్పి, భర్త ప్రేమించాలనే 5:25 మింగేస్తాడు. భర్త పెత్తనానికి ఆధారంగా ఖురాన్ 4:34 ఎత్తుతాడు, దంపతుల మధ్య ప్రేమ, కరుణ గురించి చెప్పే 30:21 ఎత్తడు. మనుస్మృతిలో భర్తను దేవుడిలా కొలవమనే 5.154 నోటికొస్తుంది, స్త్రీలను గౌరవించమనే 3.56 రాదు. అయితే వీటికి భాష్యం నువ్వు చెబితే చెల్లదు, ఆమె గౌరవించే మతపెద్దే చెప్పాలి.

ఆ పెద్దను ముందు నువ్వు కదిపి చూడు, ఆమె పేరు బయటపెట్టకుండా. ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారా? ఆమె చెప్పింది భర్త చెవిన వెయ్యరు కదా? ఆమె భయంగా ఉందంటే రాజీ మాట పక్కన పెడతారా? ఒక్కదానికి నసిగినా ఆయన్ని వదిలెయ్. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పంచాయితీ అసలే వద్దు. అతని ముందు ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఇంటికెళ్ళాక అనుభవిస్తుంది. పెద్దలేమో సర్దుకున్నారనుకుని లేచిపోతారు. అతను ఏడ్చి ఒట్టు వేసినా అప్పుడే మారాడనుకోకు. చేసిన తప్పుకు శిక్ష ఒప్పుకుంటున్నాడా, ఆమె దూరంగా ఉంటానంటే ఉండనిస్తున్నాడా, అది చూడు.

భాష తెలియకపోతే అనువాదానికి చుట్టాలను, పిల్లలను, వాళ్ళ చిన్న సమాజంలోవాళ్ళను పెట్టకు. గుట్టు నిలవదు.

గొంతు నులిమాడా అని తప్పకుండా అడుగు. పైకి మచ్చ లేకపోయినా డాక్టరుకు చూపించాలి. అలా ఒకసారి జరిగిన ఆడవాళ్ళు తర్వాత అతని చేతిలోనే చనిపోయే ప్రమాదం 7 రెట్లకు పైనేనని 2008లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది.

ఇల్లు వదిలే సమయమే అన్నిటికంటే ప్రమాదం. అందుకే "వచ్చెయ్యండి" అని తొందరపెట్టకు. కాగితాలు, మందులు, కాస్త డబ్బు, మారు తాళంచెవి, ఆమె రోజూ చదువుకునే గ్రంథం నమ్మకస్తుల దగ్గర ముందే చేర్చాలి. ఫోన్ అతను చూస్తాడేమో కనుక్కో. కరపత్రం చేతిలో పెట్టకు. ఆశ్రయంలో ఆమె ఆచారానికి సరిపడే తిండి, ప్రార్థనకు చోటు ఉన్నాయా? అవి లేక తిరిగి వెళ్ళిపోయేవాళ్ళూ ఉంటారు, మనవాళ్ళు దీన్ని చిన్న విషయమనుకుంటారు.

విడాకుల దాకా వస్తే కోర్టుదీ మతానిదీ వేర్వేరుగా చూడాలి. యూదు సంప్రదాయంలో భర్త గెట్ అనే మత విడాకుల పత్రం ఇవ్వకపోతే, కోర్టు విడిపించినా ఆమె మతరీత్యా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఈ మత విడాకుల సంగతి కూడా లాయరును మొదటి రోజే అడగమను.

అమ్మ