వెనకనుంచి దాటేవారిదే బాధ్యత

సంపాదకులకు నమస్కారం.

చెరువు గట్ల మీద, పార్కుల్లో, సముద్రపు ఒడ్డున నడకకూ సైకిలుకూ ఉమ్మడిగా వాడుకునే బాటలు మన ఊళ్లలో పెరుగుతున్నాయి. మంచిదే. హైదరాబాదులో దుర్గం చెరువు చుట్టూ అయినా, పొద్దున్నే బండ్లు ఆపేసే విశాఖ బీచ్ రోడ్డు మీద అయినా పెద్దవాళ్లు, పిల్లలు, సైకిళ్లవాళ్లు ఒకే చోట చేరుతున్నారు. ఎవరెలా కదలాలో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎదురెదురుగా వచ్చేవాళ్లు ఎలాగూ ఒకరినొకరు చూసుకుని తప్పుకుంటారు. చిక్కంతా సైకిలు వెనకనుంచి వచ్చి మనిషిని దాటే ఆ నాలుగైదు సెకన్లలోనే.

మామూలుగా నడిచే మనిషి వేగం గంటకు 5 కిలోమీటర్లు. సైకిలు 25 కిలోమీటర్ల వేగంతో వస్తోందంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు కదులుతున్నట్టు. అడ్డం కనబడి, తేరుకుని, బ్రేకు పట్టేలోపు ఒకటిన్నర సెకను పోతుంది, అంటే 10 మీటర్లు. పొడి నేల మీద, మంచి బ్రేకులతో పూర్తిగా ఆగడానికి మరో 8 మీటర్లు. మొత్తం 18. అదే 15 కిలోమీటర్ల వేగమైతే 9 మీటర్లలో ఆగిపోతుంది. బాట తడిగా ఉంటే రెండు లెక్కలూ పెరుగుతాయి. అందుకే ఉమ్మడి బాట మీద సైకిలుకు 15 కిలోమీటర్లే హద్దు కావాలి. జనం గుంపుగా ఉన్నప్పుడు, పిల్లలు కనబడినప్పుడు నడక వేగానికి దిగాలి. అదీ కుదరకపోతే దిగి నడిపించుకుపోవాలి.

బెల్లు ఎప్పుడు కొట్టాలన్నది చాలామందికి తెలియని సంగతి. ఐదు మీటర్ల దూరంలో గట్టిగా కొడితే అది హెచ్చరిక కాదు, ఉలికిపాటు. ఉలిక్కిపడ్డ మనిషి తల వెనక్కి తిప్పుతాడు, తిప్పిన వైపుకే ఒక అడుగు జరుగుతాడు. కుడి భుజం మీదుగా చూస్తే కుడికే వస్తాడు, అంటే సరిగ్గా సైకిలు ముందుకు. ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే ఇంకా కష్టం. ఒకరు ఎడమకు, ఒకరు కుడికి దూకుతారు, మరుక్షణం కుడికి దూకినవారిని రెండోవారు చెయ్యి పట్టి తమవైపు లాగుతారు. సైకిలతను ఆ ఖాళీలోంచే దూరిపోదామని చూస్తాడు. పడేది అక్కడే.

కాబట్టి 20 మీటర్ల దూరంలో ఉండగానే రెండుసార్లు మెల్లగా కొట్టాలి. 15 కిలోమీటర్ల వేగంలో అయితే, నడిచే మనిషీ ముందుకు పోతుంటాడు కాబట్టి, దగ్గరికి చేరడానికి ఏడు సెకన్ల వ్యవధి దొరుకుతుంది. విని పక్కకు జరగడానికి పెద్దవాళ్లకు కూడా అది చాలు. వాళ్లు జరిగేదాకా వెనకే ఉండాలి, జరిగాక కుడివైపునుంచి, ఒక మీటరు ఎడం ఇచ్చి దాటాలి. నోటితో చెప్పదలిస్తే "కుడివైపు వస్తున్నా" అనకండి. వినేవాళ్ల చెవికి "కుడి" అన్న ఒక్క మాటే అందుతుంది, వాళ్లూ కుడికే జరుగుతారు. "అమ్మా, సైకిలండీ", "సార్, సైకిల్" అంటే చాలు. వినపడనివారు కావచ్చు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉండవచ్చు. ఏ కదలికా లేకపోతే విన్నారని అనుకోకూడదు, ఆగిపోవాలి. దాటిపోతూ "థాంక్సండీ" అంటే మరుసటి సైకిలుకు దారి సులువవుతుంది.

నడిచేవాళ్ల వైపునుంచి కోరేది తక్కువే గానీ ముఖ్యమైనది. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడివైపు నడవమని మనకు నేర్పారు. రోడ్డు మీద అది సరైనదే. ఉమ్మడి బాటకు వచ్చి సగంమంది ఎడమన, సగంమంది కుడిన నడిస్తే సైకిలు వెళ్లడానికి సందు మిగలదు. ఇక్కడ అందరూ ఎడమే. ఇద్దరికి మించి పక్కపక్కన నడవకూడదు. మాట్లాడుకోవడానికో, ఫోను చూడటానికో ఆగితే బాట దిగి ఆగాలి. పిల్లల్ని ఎడమ చేతివైపు ఉంచుకోవాలి. కుక్క కూడా అంతే. లాగేకొద్దీ సాగే పట్టీ బాటకు అడ్డంగా సన్నటి తీగలా ఉంటుంది, మసక వెలుతురులో అసలు కనబడదు. బాట మీద ఉన్నంతసేపు పట్టీ మీటరున్నరకు మించకూడదు.

వేగంగా తొక్కి సాధన చేసేవాళ్ల కోరిక న్యాయమైనదే, దానికి వేరే చోటుంది. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు సైకిళ్లకోసమే కట్టింది. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు వరుసలు. అక్కడ వాకింగ్‌కు వెళ్లడం ఎంత తప్పో, చెరువు గట్టు మీద 30 కిలోమీటర్ల వేగంతో పోవడం అంతే తప్పు. మన చోటు కోసం గట్టిగా అడిగినట్టే ఎదుటివారి చోటునూ వదిలిపెట్టాలి.

సైకిలు సంగతి. బ్రేకు పిడిని గట్టిగా నొక్కితే హ్యాండిల్‌కు తగులుతుంటే తీగ వదులైందని అర్థం, ఆ రోజు బాట ఎక్కకండి. బ్రేకు రబ్బరు దిమ్మెల మీది గాడులు అరిగిపోతే మార్చాలి. రిమ్మును పట్టే బ్రేకులు తడిస్తే మొదటి ఒకటి రెండు చుట్లు పట్టవు, కాబట్టి వానాకాలంలో ముందే మెల్లగా నొక్కుతూ నీటిని తుడిచేయాలి. ముందు లైటు కిందికి వంచి, వెలుగు ఐదారు మీటర్ల దూరంలో నేల మీద పడేలా పెట్టాలి. ఎదుటివారి కళ్లలోకి మిణుకుమిణుకుమంటూ కొట్టే లైటు వల్ల వాళ్లు తమ కాళ్ల కిందిదే చూడలేరు. వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

ఇక బాటలు వేసే ఇంజినీర్లకు. పక్కపక్కన నడిచే ఇద్దరికి మీటరున్నర, ఊగుతూ పోయే సైకిలుకు ఒక మీటరు, ఎదురొచ్చే సైకిలుకు మరో మీటరు, మధ్య ఎడాలు కలిపితే నాలుగు మీటర్లు దాటుతుంది. అంత చోటు లేనప్పుడు మధ్యలో తెల్లగీత గీసి రెండు బొమ్మలు వేస్తే పని అయిపోదు, నడకదారిని కొద్దిగా ఎత్తుచేసి వేరు చేయాలి. బైకులు రాకుండా గేటు దగ్గర పాతే గుంజలు ఒకటో మూడో ఉండాలి, రెండు కాదు. రెండు పాతితే మధ్య సందులోకి రెండువైపులవాళ్లూ ఒకేసారి వస్తారు. గుంజల మధ్య మీటరున్నర వదిలితేనే చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా పోతుంది. గుంజకు రేడియం పట్టీ లేకపోతే తెల్లవారుజామున అదే ప్రమాదకారి. కాలువ మూతల చువ్వలు బాటకు అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే సన్నటి టైరు అందులో ఇరుక్కుంటుంది. నున్నటి పెయింటు తడిస్తే జారుతుంది, ఇసుక కలిపి వేయించాలి. మలుపుల దగ్గర పొదలు మోకాలి ఎత్తు మించకుండా కత్తిరించాలి. బెంచీలు బాట అంచునుంచి కనీసం రెండడుగులు వెనక్కి ఉండాలి, కూర్చున్నవారి కాళ్లు కూడా లెక్కే కదా.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 138వ సెక్షను పాదచారుల, సైకిళ్ల రాకపోకలపై నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ నియమాలు ఆరు నెలల్లో రూపొందించాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 15 కిలోమీటర్ల హద్దు, "అందరూ ఎడమే", "దాటేవారే ఆగాలి" అన్న మూడు మాటలనూ అందులో చేర్చాలనీ, తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి గేటు దగ్గరా రాయించాలనీ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం.

మరొకటి, ఖర్చు లేనిది. బాట అంచున ప్రతి వంద మీటర్లకూ ఒక అంకె, దగ్గరి గేటు నంబరు పెయింటుతో వేయించండి. ఎవరైనా పడిపోయినప్పుడు 108కి ఫోను చేసి "చెరువు గట్టు మీద" అంటే అంబులెన్సుకు ఏ గేటుకు రావాలో తెలియదు. "మూడో గేటు, పద్నాలుగో గుర్తు" అంటే నేరుగా వస్తుంది.

ఇట్లు,
కొందరు సైకిలిస్టులు, వాకర్లు
హైదరాబాదు